నాలుగు అంగుళాల ఆక్రమణ

మా ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఆఫీసు ఏదో మీరు ఇట్టే కనిపెట్టేస్తారు, ఆ తర్వాత వాళ్ళు నాకు పనివ్వడం మానేస్తారు. నా పేరు మాత్రం చెబుతాను, హుస్సేనయ్య. మా తాత దూది ఏకాడు, మా నాన్న పరుపులు కుట్టాడు, నేను ఆటోనగర్‌లో బళ్ళకి సీటు కవర్లు కుడతాను. మూడు తరాలుగా మా వంశం జనం కూర్చునే చోటు గురించే ఆలోచిస్తోంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాటకి కాస్త విలువ ఇవ్వండి.

ముప్పై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, మన జనానికి వస్తువు కన్నా దాని కవరు మీద ప్రేమ ఎక్కువ. కొత్త బండి కొంటారు. సీట్ల మీద కంపెనీవాళ్ళు తొడిగిన పల్చటి ప్లాస్టిక్ సంచి ఉంటుంది చూడండి, దాన్ని తీయరు. ఎండాకాలం వీపు అతుక్కుపోయినా తీయరు. అది చిరిగి పీలికలయ్యాక "కవరు పోయింది హుస్సేనయ్యా, కొత్తది వేయి" అంటూ నా దగ్గరికొస్తారు. కింద అసలు సీటు గుడ్డ ఏ రంగో యజమానిని అడిగితే తెలియదంటాడు. నాకేం బాధ లేదు, నేను బతికేదే ఆ తెలియనితనం మీద. కానీ ఈ జబ్బు ఒక ఆఫీసుకి పట్టుకుంటే ఏమవుతుందో పోయిన ఏడాది కళ్ళారా చూశాను.

మా దగ్గర పశువుల అత్యవసర సేవా కేంద్రం అని ఒకటుంది. గేదె కాలవలో దిగబడినా, ఈనలేక అవస్థ పడుతున్నా ఫోను చేస్తే చాలు, డాక్టరు మందులతో సహా వెళ్ళాలి. అందుకోసం కొత్త పికప్ బండి ఒకటి వచ్చింది. వెనక తొట్టిలో గేదెను పైకి లేపే బెల్టులూ, చిన్న క్రేనూ ఉంటాయి. ముందు రెండే సీట్లు, ఒకటి డ్రైవరుకి, ఒకటి డాక్టరుకి.

డ్రైవరు అంకమ్మరావు ఆరడుగుల మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం. తలుపులకి తాళ్ళు కట్టిన పాత జీపుని పదకొండేళ్ళు నడిపాక ఈ కొత్త బండి తాళం అతని చేతికొచ్చింది. మేమిద్దరం ఎప్పుడో వరస కలుపుకుని బావా అంటే బావా అనుకుంటాం. తాళం తీసుకున్న రోజే బండి నా షాపు ముందు ఆపి, అవసరం లేకపోయినా రెండుసార్లు హారను కొట్టాడు.

"ఈ ప్లాస్టిక్ మీద కూర్చుంటే బ్రేకు తొక్కినప్పుడల్లా జారి స్టీరింగు కిందకి పోతన్నా బావా," అన్నాడు. "కొలత తీసి మంచి గుడ్డతో ఒక కవరు కుట్టు. ఆఫీసులో అడిగా, సరేనన్నారు."

మర్నాడు కొలత తీయడానికి ఆఫీసుకి వెళ్ళాను. సూపరింటెండెంటు పరాంకుశం గారు స్వయంగా బయటికొచ్చారు. సన్నటి మనిషి. మామూలుగా మాట్లాడినా కాగితం చూసి చదువుతున్నట్టే ఉంటుంది. నేను అలవాటు ప్రకారం ముందు కంపెనీ ప్లాస్టిక్ పీకబోయాను.

"ఆగవయ్యా. ఏమిటా పని?"

"ప్లాస్టిక్ తీస్తన్నానండి. దాని మీద కవరు వేస్తే నిలవదు, జారిపోద్ది. కొలత కూడా తప్పుద్ది."

"ఈ వాహనం మాకు ప్లాస్టిక్‌తో సహా అందినది. అందిన వస్తువును అందిన స్థితిలో భద్రపరచవలసిన బాధ్యత ఈ కార్యాలయంపై ఉన్నది. నువ్వు తీసేస్తే రేపు తనిఖీలో వాహనం అసంపూర్తిగా ఉన్నట్లు తేలుతుంది."

"సంచండీ అది. చెత్తబుట్టలో పడేసేది."

"చెత్తబుట్టలో పడేయవలెనని లిఖితపూర్వకంగా ఎక్కడైనా ఉన్నదా?"

లేదు. అందుకని ప్లాస్టిక్ మీదే కొలత తీశాను. మెరూన్ రంగు దళసరి గుడ్డ, అంచులకి మీగడ రంగు పైపింగు, జంట కుట్టు, జారకుండా కింద నుంచి బిగించి కట్టడానికి ఎనిమిది నాడాలు. అంకమ్మరావుకి నడుం నొప్పి ఉంది కాబట్టి నడుం ఆనేచోట కాస్త స్పాంజి ఎక్కువ పెట్టాను. నా చేత్తో కుట్టినవాటిలో అంత బాగా కుదిరినవి నాలుగైదుకి మించి ఉండవు. అంకమ్మరావు ఎక్కి కూర్చుని, వెనక్కి ఆనుకుని, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత దిగి నా భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే జువ్విపాలెంలో శేషారత్నం అనే ఆవిడ గేదె కాలవ బురదలో పీకల్దాకా దిగబడింది. ఆమెకున్నది ఆ ఒక్క గేదే. మా ఊరి నుంచి జువ్విపాలెం ఇరవై రెండు కిలోమీటర్లు. అరగంటలో వెళ్ళి, డాక్టరూ అంకమ్మరావూ కలిసి బెల్టులేసి పైకి లాగారు. శేషారత్నం మర్నాడు ఆఫీసుకొచ్చి బండి సీటు మీద ముంతెడు పెరుగు పెట్టి వెళ్ళిందట. ఆ కథ అంకమ్మరావు నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ విన్నాను, నాకూ గర్వంగానే ఉంది మరి.

అప్పుడొచ్చింది సర్క్యులరు. ఆ ఏడాది ఆస్తుల పరిరక్షణ సంవత్సరమట. నినాదం కూడా పంపారు: "కప్పి ఉంచుదాం, కాపాడుకుందాం." కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కవరు ఉండాలని, ప్రతి నెలా మొదటి సోమవారం తనిఖీ జరుగుతుందని అందులో రాశారు.

ఆఫీసు మొత్తానికి పూనకం వచ్చింది. ఫ్యాన్లకి రెక్కరెక్కకీ ప్లాస్టిక్ సంచులు తొడిగి తాళ్ళతో కట్టేశారు, మే నెలలో అందరూ ఫైళ్ళతో విసురుకున్నారు. గోడ గడియారానికి గుడ్డ సంచి తొడిగారు, దాంతో పదకొండున్నరకే భోజనాలకి లేచేవారు. రబ్బరు స్టాంపుకి తొడుగు కుట్టించారు. ఒక వారం రోజులు ఆ తొడుగుతోనే ముద్రలు వేశారు. కాగితాల మీద ఏమీ పడలేదు, ఎవరూ గమనించనూ లేదు.

మొదటి సోమవారం హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. పికప్ దగ్గరికొచ్చి నా మెరూన్ కవరుని చూసి అది కొత్తదేనా అని అడిగాడట. పోయిన నెలే కొన్నామని పరాంకుశం గారు సంతోషంగా చెప్పారట.

"మరి దీనికి కవరేది?" అన్నాడట ఆయన.

సాయంత్రానికల్లా నాకు కబురొచ్చింది. వెళ్ళాను.

"కవరుకి కవరేందండీ?" అన్నాను.

పరాంకుశం గారు ఓపిగ్గా వివరించారు. "సీటు ఒక వస్తువు. దానికి కవరు వేసినాము. కవరు కూడా ఒక వస్తువే. సర్క్యులరులో 'ప్రతి వస్తువు' అని ఉన్నది. 'కవర్లు మినహా' అని లేదు."

నేను ఇంక వాదించలేదు. వాదించకపోవడానికి కారణం కూడా ఉంది, దాచడం దేనికి, రెండో కవరు ఆర్డరు నాకే ఇచ్చారు. మందపాటి పారదర్శక ప్లాస్టిక్‌తో కుట్టి తొడిగాను. పై నెల మొదటి సోమవారం వచ్చింది. రెండో కవరు కూడా కొత్త వస్తువే కాబట్టి దానికి కవరు కావలసొచ్చింది. ఖాకీ గుడ్డతో మూడోది మొదలుపెట్టాను. ఇంతలో సవరణ సర్క్యులరు వచ్చింది: కింది కవరు రాపిడికి గురికాకుండా ప్రతి కవరుకీ ముప్పావు అంగుళం గట్టి స్పాంజి అమర్చవలెను. మనిషి కూర్చుంటే స్పాంజి అణిగిపోతుంది కదా అంటారేమో. అణగని రకమే వేయాలని కూడా అందులోనే రాశారు.

ఆ తర్వాత నెలకో కవరు. నీలం, ఆకుపచ్చ, నలుపు రెక్సిన్, చివరికి పూలపూల సోఫా గుడ్డ. పరాంకుశం గారికి లెక్క చూసే పద్ధతి ఒకటుంది. సీటు ఎడమ మూల వెనక అంచుని రెండు వేళ్ళతో ఎత్తి, నోట్‌బుక్కులో పేజీలు తిప్పినట్టు ఒక్కో అంచూ తిప్పుతూ లెక్కపెడతారు. అంతకు మించి లోపలికి చూడరు. చూస్తే పైది నలుగుతుంది. తనిఖీ అధికారి కూడా అదే మూల, అదే రెండు వేళ్ళతో లెక్కపెట్టి "సంతృప్తికరం" అని రాసుకుని పోతాడు.

పక్క సీటు సంగతి కూడా చెప్పాలి. అందులో కూర్చునేది ఆ ఆఫీసు పెద్ద, డాక్టర్ మృత్యుంజయరావు గారు. ఆఫీసులో ఆయన కుర్చీ మీద తెల్ల టవలు ఉంటుంది, బండి సీటు మీదా తెల్ల టవలు ఉంటుంది. డ్రైవరు సీటు పెరిగేసరికి టవలు కిందికి పడిపోయినట్టయింది. అధికారి డ్రైవరు కన్నా కింద కూర్చోవడం మర్యాద కాదని ఆయన సీటుకి కూడా అన్ని కవర్లూ వేయించారు. ఆయన అయిదడుగుల రెండంగుళాల మనిషి. మొదటిసారి ఆయనకి బండి బానెట్టు ఆ చివర దాకా కనిపించిందట. కవర్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "హాయిగా ఉందోయ్ హుస్సేనయ్యా," అన్నారు. అంత పెద్దాయనకి హాయిగా ఉన్నాక ఇక ఎవరికి బాగా లేదో ఎవరు అడుగుతారు.

బాగా లేనిది అంకమ్మరావుకి. స్పాంజి వేసినవి ఐదు కవర్లు, మిగిలిన గుడ్డల మందం, అంతా కలిపి నాలుగు అంగుళాలు లేచింది సీటు. వీపు వైపు కూడా నాలుగు అంగుళాలు ముందుకొచ్చింది. తల కప్పుకి కొట్టుకుంటోంది, మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి, బెల్టు పెట్టుకునే చోటు గుడ్డల్లో ఎక్కడో పూడుకుపోయింది. కొన్నాళ్ళు మెడ వంచుకుని నడిపాడు. తర్వాత కుడివైపు అద్దం దించి, తల బయటికి పెట్టి నడపడం మొదలుపెట్టాడు.

"దారంట పోయేవాళ్ళందరూ నాకు దణ్ణాలు పెడతన్నారు బావా," అన్నాడొకరోజు. "వంగి చూస్తంటే నేనే వాళ్ళకి దణ్ణం పెడతన్నా అనుకుంటన్నారు. ఎప్పుడన్నా వానొస్తే ఎట్టాగో అర్థం కావటంలా."

వాన వచ్చింది. ఆ రోజే శేషారత్నం గేదె ఈనడానికి వచ్చి దూడ అడ్డం తిరిగిందని ఫోను వచ్చింది. అంకమ్మరావు తల బయట పెడితే కళ్ళల్లో వాన, లోపల పెడితే ఎదర దారి కనపడదు. అరగంట దారికి గంటన్నర పట్టింది. గేదె బతికింది కానీ దూడ దక్కలేదు. డాక్టరు చేతులు కడుక్కుంటుంటే శేషారత్నం బండి దగ్గరికొచ్చి, తలుపు తీసి, ఆ పూల గుడ్డ మీద చెయ్యి వేసి నొక్కి చూసిందట.

"ఎంత మెత్తగా ఉందో అయ్యా," అందట. "మా ఇంట్లో పరుపు కూడా ఇట్టా ఉండదు."

అంకమ్మరావు నా షాపులో కూర్చుని ఈ మాట చెప్పి ఏడ్చాడు. ఆరడుగుల మనిషి ఏడుస్తుంటే చూడటం కష్టం. ఆ పూల గుడ్డ ఎంచింది నేనే, ఆ స్పాంజి కోసింది నేనే. నాకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి పరాంకుశం గారితో కవర్లు తీసేయాలని గట్టిగా చెప్పాను. ఆయన నా మాట శ్రద్ధగా విని, అదే రోజు త్రిసభ్య సంఘం వేశారు. అధ్యక్షుడు డాక్టరు గారు, సభ్యుడు పరాంకుశం గారు, సాంకేతిక సభ్యుడిని నేను.

సంఘం బండి దగ్గర సమావేశమైంది. అంకమ్మరావుని సీటులో నిటారుగా కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాడు. ఎంత మేరకు కూర్చోలేకపోతున్నాడో నా టేపుతో కొలవమన్నారు. కొలిచాను, నాలుగు అంగుళాలు. సీటుకీ మనిషికీ నాలుగు అంగుళాల తేడా ఉందని నా చేత రాయించి సంతకం తీసుకున్నారు. ఇక కవర్లు తీసేస్తారని సంబరంగా ఇంటికెళ్ళి బిర్యానీ వండించుకు తిన్నాను.

మూడో రోజు అంకమ్మరావు ఒక కాగితం తెచ్చి నా మిషను మీద పెట్టాడు. పై వరుసలో ఇలా ఉంది: "విషయం: డ్రైవరు ఎత్తు అదనముగా నుండుట – సంజాయిషీ కోరుట – గురించి." కింద అసలు విషయం: "త్రిసభ్య సంఘము వారి నివేదిక ప్రకారము, సదరు డ్రైవరు వాహనపు కప్పు దిగువన గల ప్రభుత్వ స్థలమును నాలుగు అంగుళముల మేర అనుమతి లేకుండా ఆక్రమించి యున్నట్లు నిర్ధారణ అయినది. కావున ముప్పది దినములలోగా అదనపు ఎత్తును తొలగించుకొని స్వయముగా రిపోర్టు చేయవలెను. లేనియెడల సేవలు నిలిపివేయబడును."

"సంతకం నీదే గదా బావా?" అన్నాడు.

"నాదే."

"ముప్పై రోజుల్లో నాలుగంగుళాలు. నువ్వు కొలతలు తెలిసినోడివి గదా, చెప్పు. తల వైపు తగ్గించుకోవాల్నా, కాళ్ళ వైపా?"

ఆ కాగితం తీసుకుని పరుగున ఆఫీసుకెళ్ళాను. కవర్లు తీస్తే సరిపోయేదానికి మనిషిని తగ్గించడమేమిటని అడిగాను. పరాంకుశం గారికి కోపం రాలేదు. ఆయనకి ఎప్పుడూ కోపం రాదు, అదే వచ్చిన చిక్కు.

"కవర్లు మా రిజిస్టరులో ఉన్నాయి," అన్నారు. "డ్రైవరు ఎత్తు ఏ రిజిస్టరులోనూ లేదు. ఉన్నదాన్ని తొలగించమంటావా, లేనిదాన్ని తొలగించమంటావా?"

అంకమ్మరావు సంజాయిషీ రాసిచ్చాడు. తనకి పందొమ్మిదో ఏట నుంచీ ఇదే ఎత్తు అని, ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఇంతే ఉన్నానని రాశాడు. "ఆక్రమణ పాతదైనంత మాత్రమున క్రమబద్ధము కానేరదు" అని జవాబొచ్చింది. పాపం, తిరపతి వెళ్ళి గుండు చేయించుకొచ్చాడు. సంఘం మళ్ళీ కొలిచింది. "తలనీలాల తొలగింపు వలన లభించినది పావు అంగుళము. మిగిలిన మూడు ముప్పావు అంగుళముల విషయమై సత్వర చర్యలు తీసుకొనవలెను" అన్నారు.

ఇంకో పక్క డ్రైవర్లని పంపే ఏజెన్సీ నుంచి పొట్టి డ్రైవరుని ఒకతన్ని పిలిపించి బండిలో కూర్చోబెట్టి చూశారు. అయిదడుగులు కూడా లేడు. తల కప్పుకి తగల్లేదు. కాళ్ళు మాత్రం పెడళ్ళకి జానెడు దూరంలో వేలాడుతున్నాయి. "ఎత్తు సంతృప్తికరం. పెడళ్ళు అందుట విషయమై తదుపరి పరిశీలించవచ్చును" అని పరాంకుశం గారు రాసుకున్నారు. అది చూసి వచ్చిన అంకమ్మరావు ఆ రోజు నా షాపు ముందు ఆగలేదు. కూతురి ఇంటర్ ఫీజు గురించి ఫోనులో ఎవరితోనో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

గడువు ఇంకా పదకొండు రోజులుందనగా, వచ్చే సోమవారం తనిఖీకల్లా తొడగాలని ఎనిమిదో కవరు ఆర్డరు వచ్చింది. ఏడోది కొత్తది కదా మరి. ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కాదంటే ఇంకొకడు కుడతాడు, సీటు ఇంకో ముప్పావు అంగుళం లేస్తుంది. అలా కూర్చుని ఉండగానే నాకు పరాంకుశం గారి రెండు వేళ్ళు గుర్తొచ్చాయి.

ఆఫీసుకి ఫోను చేశాను. "ఈసారి కవరు కొంచెం పెద్ద పనండి. బండి రెండు రోజులు నా షాపులో ఉంచాలి," అన్నాను.

"కవరుకు సంబంధించిన పనే కదా?"

"పూర్తిగా కవరు పనేనండి."

బండి రాగానే షట్టరు సగం దించాను. డ్రైవరు సీటు మీది ఏడు కవర్ల నాడాలూ కోసి, ఒక్కొక్కటే లాగి పక్కన పడేశాను. చివరికి కంపెనీ ప్లాస్టిక్ కూడా పీకేశాను. కింద అసలు సీటు కనిపించింది. బూడిద రంగు. అంకమ్మరావు దాన్ని పాత చుట్టాన్ని చూసినట్టు చూశాడు. ఆ సీటు మీద, ఒంటి మీద చొక్కాలా ఒదిగిపోయేట్టు ఒకే ఒక్క కవరు కుట్టాను. స్పాంజి లేదు, నడుం దగ్గర తప్ప.

ఇక ఎడమ మూల వెనక అంచు. అక్కడ నా పనితనమంతా పెట్టాను. కంపెనీ ప్లాస్టిక్ నుంచి నాలుగు వేళ్ళ పీలిక కోసి కుట్టాను. దాని మీద మెరూన్ పీలిక, మీగడ రంగు పైపింగుతో సహా. దాని మీద పారదర్శక ప్లాస్టిక్, ఖాకీ, నీలం, ఆకుపచ్చ, నలుపు రెక్సిన్, పూల గుడ్డ. పైన ఎనిమిదోది. మొత్తం తొమ్మిది అంచులు, ఒక్క మూలనే. మిగతా సీటంతా ఒక్క పొర. డాక్టరు గారి సీటు జోలికి మాత్రం వెళ్ళలేదు, ఆయన బాసింపట్టు ఆయనకుండనీ.

"పట్టుకుంటే ఏం జేస్తారు బావా?" అన్నాడు అంకమ్మరావు.

"నన్ను జైల్లో పెడతారు. అక్కడ పరుపులు కుట్టుకుంటా. ఎక్కి కూర్చో."

ఎక్కాడు. నిటారుగా కూర్చున్నాడు. కొన్ని నెలల తర్వాత మొదటిసారి అద్దంలోంచి ఎదర రోడ్డు చూశాడు. నేను షట్టరు పూర్తిగా ఎత్తేశాను.

మొదటి సోమవారం సంఘం, తనిఖీ అధికారి అందరూ బండి చుట్టూ చేరారు. డాక్టరు గారు తన సీటెక్కి కూర్చున్నారు, సాంకేతిక సభ్యుడిని కాబట్టి నేనూ టేపుతో నిలబడ్డాను. పరాంకుశం గారు మూల ఎత్తారు. రెండు వేళ్ళు. ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిది దాకా వచ్చి ఆగారు. తర్వాత తనిఖీ అధికారి కూడా లెక్కపెట్టాడు. ఆయనకీ తొమ్మిదే వచ్చాయి. "అత్యంత సంతృప్తికరం" అని రాసుకున్నాడు. అత్యంత అనే మాట ఆ ఆఫీసు చరిత్రలోనే అదే మొదటిసారట.

ఇక డ్రైవరు వంతు. అంకమ్మరావు ఎక్కి కూర్చున్నాడు. తలకీ కప్పుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరే సందుంది. పరాంకుశం గారు తన వేళ్ళు పెట్టి చూశారు, తీశారు, మళ్ళీ పెట్టి చూశారు. మూల దగ్గరికెళ్ళి అంచులు మళ్ళీ లెక్కపెట్టారు. తొమ్మిదే. కవరు ఒకటి పెరిగింది, మనిషి తల కిందికి దిగింది. ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడని ఒక ఆలోచన కనిపించింది. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆయన డాక్టరు గారి వైపు తిరిగారు. "వైద్యపరంగా ఇది సాధ్యమేనాండీ?"

డాక్టరు గారు తన ఎత్తైన సీటు మీద నుంచే తల వంచి అంకమ్మరావుని కిందికి చూశారు. కిందికి చూడటం ఆయనకి నచ్చినట్టుంది. "పశువుల్లో అయితే నేను చూళ్ళేదు," అన్నారు. "మనుషులు నా పరిధిలోకి రారు."

పరిధిలోకి రానిది ఫైల్లోకీ రాదు. పరాంకుశం గారు అక్కడికక్కడే చెప్పి రాయించారు: "సదరు డ్రైవరు గడువులోపుగనే తన అదనపు ఎత్తును స్వచ్ఛందముగా తొలగించుకొని, ఆక్రమిత స్థలమును ప్రభుత్వమునకు అప్పగించినాడు. ప్రస్తుత ఎత్తు అయిదు అడుగుల ఎనిమిది అంగుళములుగా రిజిస్టరులో నమోదు చేయడమైనది. సేవలు కొనసాగించవచ్చును." నేను సంతకం చేశాను.

అందరూ వెళ్ళిపోయాక పరాంకుశం గారు ఒక్కరే వెనక్కొచ్చారు. చుట్టూ చూసి, అంకమ్మరావు కిటికీ దగ్గర గొంతు తగ్గించి అడిగారు.

"నిజం చెప్పవయ్యా. అంత ఎత్తు ఎట్లా తగ్గావు?"

"తమరిచ్చిన మెమో రోజూ పొద్దున్నే ఒకసారి చదువుకున్నా సార్."

పరాంకుశం గారు తలాడించారు. ఆ మెమో నకళ్ళు ఇప్పుడు అన్ని ఆఫీసులకీ నమూనాగా వెళ్ళాయి. నాకు కూడా పదకొండు చోట్ల నుంచి పొడుగు డ్రైవర్లు ఫోను చేశారు, మూల అంచు ఎట్టా కుట్టావో చెప్పమని.

ఏడాది దాటాక, మొన్న జువ్విపాలెం నుంచి మళ్ళీ ఫోనొచ్చింది. శేషారత్నం గేదె మళ్ళీ ఈనడానికి వచ్చి అవస్థ పడుతోందని. అరగంటలో వెళ్ళారు, దూడ బతికింది, పెయ్యదూడ. అదంతా చెప్పడానికి అంకమ్మరావు నా షాపుకొచ్చాడు. ఖాకీ యూనిఫాం కొత్తది వేసుకున్నాడు. రిజిస్టరులో ఉన్న ఎత్తు ప్రకారం ఆఫీసే కుట్టించి ఇచ్చిందట. ఎత్తులో తగ్గిన నాలుగు అంగుళాలూ ఆ దర్జీ కాళ్ళలోనే తగ్గించాడు, ప్యాంటు చీలమండలకి బాగా పైనే ఆగిపోయింది.

"ఆఫీసులో చెప్పొచ్చు గదా," అన్నాను.

"చెబితే మళ్ళీ పెరిగానంటారు బావా. ఈసారి ఏ మెమో ఇస్తారో. నువ్వే ఏదన్నా చెయ్యి."

అటక ఎక్కి పాత కవర్ల మూట దించాను. మూడో కవరు ఖాకీ గుడ్డ ఇంకా కొత్తదానిలా ఉంది, దాని మీద కూర్చున్నది ఒక్క నెలే కదా. నాలుగంగుళాల పట్టీలు రెండు కోసి రెండు కాళ్ళకీ అతికి కుట్టాను.